ఎసరు లెక్కతో గిన్నె ఎంపిక: ట్రెక్కింగుకు ఎంత గిన్నె తీసుకెళ్లాలి?

లంబసింగిలో ఒక డిసెంబరు రాత్రి ముగ్గురం కలిసి లీటరు గిన్నెలో పొంగలి పెట్టాము. గిన్నె వచ్చిన అట్టపెట్టె మీద ఇద్దరు ముగ్గురికి సరిపోతుందని రాసి ఉండటంతో మేమూ అదే నమ్మాము. బియ్యం, పెసరపప్పు వేసి నీళ్లు పోసేసరికే అంచుకు రెండు వేళ్ల ఖాళీ మాత్రమే మిగిలింది. తెర్లడం మొదలైన నిమిషానికే నురుగు మూతను పైకెత్తింది, గంజి పక్కల నుంచి కారి బర్నరు మీద పడింది, మంట ఆరిపోయింది. గ్యాసు వాసన రాగానే నాబు కట్టేసి, స్టవ్ చల్లారేదాకా ఆగి, బర్నరు రంధ్రాల్లో ఎండిపోయిన గంజిని టార్చి వెలుగులో పిన్నీసుతో ఒక్కొక్కటిగా తీయవలసి వచ్చింది. తర్వాత అదే పొంగలిని రెండు వాయిలుగా వండాము. రెండో వాయి దిగేటప్పటికి మొదటిది చల్లబడి గట్టిపడిపోయింది.

ఆ రాత్రి నుంచి నేను గిన్నెను మనుషుల లెక్కన కొనడం మానేశాను. ఇద్దరికి, నలుగురికి అని కంపెనీలు ముద్రించే లెక్క ఎక్కువగా పాశ్చాత్య దేశాల ట్రెక్కర్ల భోజనాన్ని బట్టి వేసినది. వాళ్లు నీరు తీసేసి ఎండబెట్టిన తయారు భోజనం సంచిలో వేడి నీళ్లు పోసుకుని తింటారు. అక్కడ గిన్నెకు నీళ్లు మరిగించడం తప్ప వేరే పని ఉండదు. మనం అన్నం వండుతాము, ఉప్మా కలుపుతాము, పొంగలి పెడతాము, పాలు పొంగిస్తాము. ఈ వంటలన్నింటిలోనూ గింజ ఉబ్బుతుంది, నురుగు లేస్తుంది, గరిటె తిరగడానికి చోటు కావాలి. అందువల్ల గిన్నె పరిమాణాన్ని నిర్ణయించవలసినది మీ ప్రయాణంలో మీరు వండబోయే అన్నిటికన్నా పెద్ద పూట. ఆ పూటకు ఎసరు ఎంత పెడతారో, అది ఎంత పొంగుతుందో తెలిస్తే గిన్నె ఎంతదో దానంతట అదే తేలుతుంది.

ఎసరు, పొంగు, ఖాళీ

లెక్క కట్టడానికి మూడు అంకెలు చాలు. పోసే నీళ్లు ఎన్ని, గింజ ఎంత చోటు పట్టుకుంటుంది, పొంగుకు ఎంత ఖాళీ వదలాలి. నీళ్లు మాత్రమే మరిగించే గిన్నెలో ఐదో వంతు ఖాళీ ఉంటే సరిపోతుంది. మ్యాగీకి, ఉప్మాకు మూడో వంతు వదలాలి. అన్నానికి, పొంగలికి, పాలపొడితో పెట్టే టీకి దాదాపు సగం వదలాలి. బియ్యంలోని పిండి పదార్థం నీళ్లలో కలిసి బుడగలను పగిలిపోనివ్వదు కాబట్టే అన్నం గిన్నె అంతగా పొంగుతుంది.

ఒక మనిషికి వంద గ్రాముల బియ్యం అనుకుందాము. ఇవి సుమారు 120 మిల్లీలీటర్ల కొలత అవుతాయి. ట్రెక్కింగులో గంజి వార్చడం కన్నా అత్తెసరు పెట్టుకోవడం మేలు కాబట్టి బియ్యానికి రెండింతలకు కొంచెం పైగా, అంటే 250 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తాము. గింజ మధ్య ఉండే గాలి పోతే బియ్యం నిజంగా పట్టే చోటు 70 మిల్లీలీటర్లే. మొత్తం 320. సగం ఖాళీ వదిలితే ఒక్కరి అన్నానికి 650 మిల్లీలీటర్ల గిన్నె కావాలి. ఇద్దరికి 1.3 లీటర్లు, ముగ్గురికి రెండు లీటర్లకు కాస్త తక్కువ, నలుగురికి రెండున్నర లీటర్లకు కాస్త ఎక్కువ. రోజంతా బరువు మోసుకుని ఎక్కినవారు వంద గ్రాములతో ఆగరు, నూట యాభై దాకా తింటారు. మీ జట్టులో అలాంటివారు ఉంటే లెక్కను ఒకటిన్నర రెట్లు చేసుకోండి. ఇంట్లో కొలుచుకోవడానికి రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు బాగా పనికివస్తుంది. సాధారణంగా అది 180 మిల్లీలీటర్లది, అందులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి.

పొంగలికి ఈ లెక్క మారుతుంది. ఇద్దరికి 120 గ్రాముల బియ్యం, 80 గ్రాముల పెసరపప్పు తీసుకుంటే, గింజ కొలతకు నాలుగింతల నీళ్లు అనుకున్నా ఎసరే లీటరుకు దగ్గర పడుతుంది. గింజతో కలిపి 1.1 లీటర్లు. అది పొంగకుండా ఉడకాలంటే రెండు లీటర్ల గిన్నె కావాలి. అంటే అన్నానికి 1.3 లీటర్ల గిన్నెతో గడిచిపోయే ఇద్దరికి పొంగలి రోజున మరో ముప్పావు లీటరు అవసరమవుతుంది. ముగ్గురం కలిసి లీటరు గిన్నెతో లంబసింగి వెళ్లడం ఎంత పొరపాటో ఈ అంకెలే చెబుతాయి.

ఉప్మా ఇంత చోటు అడగదు. ఒక కప్పు రవ్వకు రెండున్నర నుంచి మూడు కప్పుల నీళ్లు పోస్తాము కాబట్టి ఇద్దరికి 1.1 లీటర్ల గిన్నె చాలు. అయితే ఉప్మా గిన్నె వెడల్పుగా ఉండాలి. లోతైన ఇరుకు గిన్నెలో గరిటె అడుగుకు అందక రవ్వ ఉండలు కడుతుంది. రవ్వను ఇంటి దగ్గరే వేయించి, పోపు కూడా వేసి, కరివేపాకు బాగా వేగనిచ్చి, చల్లారాక జిప్ సంచిలో కట్టుకుని వెళ్తే కొండ మీద మరిగే నీళ్లలో పోసి కలపడమే మిగులుతుంది. మ్యాగీకి ప్యాకెట్టుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తాము. ఆకలిగా ఉన్న ఒక మనిషి రెండు ప్యాకెట్లు తింటాడు కాబట్టి 800 నుంచి 900 మిల్లీలీటర్ల గిన్నె అతనికి సరిపోతుంది.

ఒంటరిగా నడిచేవారు కేవలం వేడి నీళ్లు, టీ, తయారు భోజనంతో సరిపెట్టుకుంటే 600 నుంచి 750 మిల్లీలీటర్ల లోతైన మగ్గు చాలు. అన్నమో మ్యాగీయో వండుకునే ఉద్దేశం ఉంటే 900 మిల్లీలీటర్ల కంటే తగ్గవద్దు. ఇద్దరికి నా మొదటి ఎంపిక ఒకటిన్నర లీటర్ల గిన్నె, పొంగలి పెట్టే ఉద్దేశం ఉంటే రెండు లీటర్లది. నలుగురికి మూడు లీటర్ల గిన్నె ఒకటి, దానిలో ఇమిడిపోయే లీటరు గిన్నె ఒకటి కలిపి తీసుకెళ్తాను. అన్నం మగ్గుతుండగా చిన్న గిన్నెలో చారు కాచుకోవచ్చు.

రెండు పరిమాణాల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే పెద్దదే తీసుకోండి. అల్యూమినియం గిన్నె అర లీటరు పెరిగితే బరువు ఏ యాభై అరవై గ్రాములో పెరుగుతుంది. చిన్న గిన్నె తీసుకెళ్తే రెండు వాయిలు వండాలి, అంటే ఎక్కువ గ్యాసు, ఎక్కువ సమయం, చలిలో ఆకలితో ఎదురుచూసే తోటివారు. పెద్ద గిన్నెలో కొంచెం వండవచ్చు కానీ చిన్న గిన్నెలో ఎక్కువ వండడం ఎవరివల్లా కాదు.

ముద్రించిన అంకెను నమ్మేముందు

గిన్నెల మీద రాసే ఘనపరిమాణం సాధారణంగా అంచుదాకా నింపితే పట్టే నీళ్ల లెక్క. అంత నిండుగా ఎవరూ వండరు. కొన్న గిన్నెను ఇంట్లో ఒకసారి కొలుచుకోవడం మంచిది. వంటింటి తూకం మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి నీళ్లు పోస్తే, ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మిల్లీలీటర్లు. తూకం లేకపోతే లీటరు నీళ్ల సీసాతో కొలవవచ్చు.

దుకాణంలో నిలబడి ఉన్నప్పుడు టేపు ఒక్కటే సరిపోతుంది. లోపలి వ్యాసంలో సగాన్ని మళ్లీ ఆ సగంతోనే గుణించి, వచ్చినదాన్ని 3.14తో గుణించి, ఆ తర్వాత ఎత్తుతో గుణించండి. 12 సెంటీమీటర్ల వ్యాసం, 9 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గిన్నె 1,017 మిల్లీలీటర్లు పడుతుంది. ట్రెక్కింగు సామాన్ల దుకాణానికే వెళ్లనక్కరలేదు. మన స్టీలు సామాన్ల అంగళ్లలో నంబర్ల వారీగా దొరికే హిండాలియం గిన్నెలు, సత్తు తపేలాలు ఈ లెక్కతో చూసుకుంటే చాలామందికి చక్కగా సరిపోతాయి, ధర కూడా చాలా తక్కువ.

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి గిన్నెల మీద లీటర్లకు బదులు క్వార్టులు, ఔన్సులు కనిపిస్తాయి. ఒక క్వార్టు అంటే 946 మిల్లీలీటర్లు, 32 ఔన్సులు. కాబట్టి రెండు క్వార్టుల గిన్నెను రెండు లీటర్లకు కొంచెం తక్కువగా లెక్కించుకోవచ్చు. అక్కడ మరో విషయం కూడా గమనించాలి. యోసెమిటీ జాతీయ పార్కు వంటి చోట్ల అడవిలో రాత్రి బస చేసేవారు తమ ఆహారాన్ని ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో దాచాలన్న నియమం ఉంది. ఆ డబ్బా సంచిలో చాలా చోటు తినేస్తుంది. మిగిలిన అన్నాన్ని పారబోయడానికీ వీలుండదు. అందుకని అక్కడ గిన్నె పెద్దదైనా వండేది మాత్రం కొలత ప్రకారమే వండుకోవాలి.

వెడల్పా, లోతా?

ఒకే లీటరు పట్టే రెండు గిన్నెలు రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి. తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పున్న లోతైన గిన్నెను చిన్న గ్యాసు స్టవ్ మీద పెట్టి నాబు పూర్తిగా తిప్పితే, మంట అడుగును దాటి పక్కల వెంబడి పైకి పోతుంది. చెయ్యి దగ్గర పెట్టి చూస్తే ఆ వేడి ఎంత వృథా అవుతోందో తెలుస్తుంది. పన్నెండు పదమూడు సెంటీమీటర్ల వెడల్పున్న గిన్నె అదే మంటను అడుగునే పట్టుకుంటుంది కాబట్టి నీళ్లు త్వరగా తెర్లుతాయి, గ్యాసు మిగులుతుంది. వెడల్పు గిన్నెలో గరిటె తిరుగుతుంది, కడిగేటప్పుడు చెయ్యి లోపలికి పడుతుంది. వంట చేసేవారికి వెడల్పు గిన్నె, నీళ్లు మాత్రమే కాచుకునేవారికి లోతు గిన్నె అన్నది నా అభిప్రాయం.

వెడల్పుకు కూడా హద్దు ఉంది. గ్యాసు డబ్బా నెత్తిన బిగించే స్టవ్‌ల కాళ్లు చిన్నవి. వాటి మీద మూడు లీటర్ల గిన్నె నిండా ఉడుకుతుంటే మొత్తం బరువు మూడు కిలోలు దాటుతుంది. నేల కాస్త వాలుగా ఉన్నా, గరిటె గట్టిగా తిప్పినా ఒరిగిపోతుంది. మరిగే గంజి కాళ్ల మీద పడితే ఆసుపత్రి గంటల దూరంలో ఉంటుందన్న విషయం మరచిపోకూడదు. అంతకన్నా ప్రమాదం మరొకటి ఉంది. మరీ వెడల్పైన గిన్నె కింద, చుట్టూ గాలి తగలకుండా అడ్డుపెట్టి వండితే వేడి వెనక్కి తిరిగి డబ్బాను కాలుస్తుంది. డబ్బాను చేత్తో తాకితే గోరువెచ్చదనం దాటి వేడిగా అనిపిస్తే వెంటనే మంట ఆపేయాలి. నలుగురికి మించి వండవలసి వస్తే, డబ్బా పక్కకు ఉండి గొట్టంతో కలిసే స్టవ్ తీసుకోవడమో, రెండు స్టవ్‌లు, రెండు గిన్నెలుగా విడగొట్టుకోవడమో చేయాలి. గ్యాసు డబ్బాలను విమానంలోనూ రైల్లోనూ తీసుకెళ్లనివ్వరు కాబట్టి అవి ట్రెక్కు మొదలయ్యే ఊళ్లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి.

గిన్నె లోపలి ఖాళీ కూడా సంచిలో చోటే. చిన్న గ్యాసు డబ్బా దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, దాని తర్వాతది పదకొండు. గిన్నె కొనేటప్పుడు మీరు వాడే డబ్బాను లోపల పెట్టి, పైన స్టవ్ తలను, లైటరును సర్ది, మూత పడుతుందో లేదో చూసుకోండి. మూడు లీటర్ల గిన్నెలో నేను బియ్యం సంచి, కందిపొడి డబ్బా, ఉప్పు, చింతపండు అన్నీ కుదించి పెడతాను. అప్పుడు అది సంచిలో అడ్డంగా అనిపించదు.

లోహం సంగతి

టైటానియం గిన్నె చేతిలోకి తీసుకుంటే ఆశ్చర్యం కలిగించేంత తేలికగా ఉంటుంది. నీళ్లు కాచుకోవడానికి అంతకన్నా మంచిది లేదు. కానీ అన్నానికి నేను దాన్ని సిఫార్సు చేయను. అల్యూమినియంతో పోలిస్తే టైటానియం వేడిని పదో వంతు కూడా పరచలేదు. మంట తగిలిన చోటే కాగి, అక్కడ అన్నం నల్లగా అడుగంటుతుంది, రెండు వేళ్ల అవతల గింజ పలుకుగా ఉండిపోతుంది. పలచని స్టీలుకూ ఇదే లోపం ఉంది, పైగా బరువు. వంట చేసే గిన్నెకు అల్యూమినియమే తగినది. అయితే చింతపండు చారు, పులిహోర పులుసు, టమాటా వంటి పుల్లటి వంటలు పూత లేని సత్తు గిన్నెలో ఎక్కువసేపు ఉంచకూడదు. పులుపు లోహాన్ని తింటుంది, రుచీ మారుతుంది. పైపొర గట్టిపరిచిన ముదురు బూడిదరంగు అల్యూమినియం గిన్నెలకు ఈ ఇబ్బంది తక్కువ.

మూత బిగువుగా కూర్చోవాలి. అత్తెసరు అన్నం మూత మీదే ఆధారపడుతుంది. ఒక పొంగు వచ్చాక మంట బాగా తగ్గించి పది నిమిషాలు ఉంచి, ఆ తర్వాత స్టవ్ ఆపి, గిన్నెను మందపాటి తువ్వాలులో చుట్టి మరో పది నిమిషాలు మగ్గనిస్తే మంట లేకుండానే గింజ పూర్తిగా విచ్చుకుంటుంది. చిన్న స్టవ్‌లలో చాలావాటికి సన్నని సెగ నిలవదు కాబట్టి ఈ పద్ధతి మరీ అవసరం. గంజి వార్చుకునే అలవాటు ఉన్నవారు చిల్లుల మూత వెతుకుతారు. ఆ వేడి గంజిని వాగులో పోయకూడదు, డేరా దగ్గర పోస్తే అడవి జంతువులను పిలిచినట్టే. అందుకే అత్తెసరు మేలని ముందే చెప్పాను.

పిడికి బదులు పట్టకారు తీసుకెళ్లవచ్చు. ఇంట్లో వాడే చిన్న పట్టకారు ఒక్కటి ఉంటే పిడి లేని ఏ గిన్నెనైనా దించవచ్చు. కానీ రెండు లీటర్లు దాటిన గిన్నెను ఒక్క పట్టకారుతో ఎత్తితే అంచు వంగి జారుతుంది. పెద్ద గిన్నెకు బకెట్టుకు ఉన్నట్టు పైన వంగిన తీగ పిడి గాని, ఇరువైపులా రెండు చెవులు గాని ఉండాలి.

ఎత్తు పెరిగితే లెక్క మారుతుంది

అరకు, లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నాయి. అక్కడ వంటలో పెద్ద తేడా కనిపించదు. హిమాలయాలకు వెళ్తే మాత్రం ప్రతి మూడు వందల మీటర్లకు నీళ్లు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. మూడు వేల మీటర్ల ఎత్తున నీళ్లు 90 డిగ్రీల దగ్గరే తెర్లుతాయి. తెర్లుతున్నాయి కదా అని చూస్తే బియ్యం ఉడకదు, కందిపప్పు అసలే మెత్తబడదు. ఎక్కువసేపు ఉడికించవలసి రావడంతో ఎక్కువ నీళ్లు ఆవిరవుతాయి, ఎసరు పెంచాలి, దానికి తగ్గట్టు గిన్నె కూడా ఒక పావు వంతు పెంచుకోవాలి. బియ్యాన్ని అరగంట నానబెట్టడం, కందిపప్పుకు బదులు పెసరపప్పు వాడటం, అటుకులతో సరిపెట్టుకోవడం అక్కడ తెలివైన పనులు. చిన్న ప్రెషర్ కుక్కరు ఈ చిక్కును తీరుస్తుంది గానీ దాని బరువు కిలో దాటుతుంది. నలుగురు పంచుకుని మోసే జట్టులోనే అది తగిన ఎంపిక.

మంచు కరిగించి నీళ్లు చేసుకోవలసిన చోటికి వెళ్తే పరిమాణం గురించి రెండో ఆలోచన అక్కరలేదు. తాజా మంచు పది గిన్నెలు కరిగిస్తే సుమారు ఒక గిన్నె నీళ్లు వస్తాయి. ఇద్దరున్నా రెండు లీటర్లకు తగ్గని గిన్నె తీసుకెళ్లాలి, అడుగున కొంచెం నీళ్లు పోసుకునే మంచు వేయడం మొదలుపెట్టాలి, లేకపోతే గిన్నె మాడుతుంది.

కట్టెల పొయ్యి మీద వండే ఆలోచన ఉంటే ముందు ఆ చోట అనుమతి ఉందో లేదో తెలుసుకోండి. నల్లమల వంటి రక్షిత అడవుల్లో నిప్పు రాజేయడం చట్టప్రకారం నేరం. అనుమతి ఉన్న చోట, పక్కలు కూడా కాగుతాయి కాబట్టి అన్నానికి వదిలే ఖాళీని మరికొంత పెంచండి. పల్లెల్లో చేసినట్టు గిన్నె బయట తడి బూడిదో బంకమట్టో పూసి పొయ్యి ఎక్కిస్తే మసి లోహానికి అంటదు.

బయలుదేరే ముందు వారం, మీరు తీసుకెళ్లే స్టవ్, గిన్నె, గరిటె, బియ్యం కొలతలతోనే మేడ మీద ఒక పూట పూర్తిగా వండండి. గ్యాసు డబ్బాను వంటకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తూకం వేస్తే ఒక పూటకు ఎంత ఖర్చవుతుందో తెలుస్తుంది. గాలి లేని చోట, మూత పెట్టి లీటరు నీళ్లు మరిగించడానికి సుమారు 15 గ్రాములు పడుతుంది. అన్నం పొంగు ఎక్కడిదాకా లేచిందో చూసి, ఎసరు ఎక్కడిదాకా పోశారో అక్కడ గిన్నె లోపలి గోడ మీద మేకుతో చిన్న గీత గీయండి. నా గిన్నెకు అలాంటి గీతలు రెండున్నాయి, కిందది ఇద్దరి అన్నానికి, పైది పొంగలికి. చీకట్లో కొలగిన్నె వెతుక్కోకుండా వేలితో తడిమి నీళ్లు పోస్తాను. పూత వేసిన గిన్నె అయితే లోపల గీయకుండా, గరిటె కాడను నిలువుగా ముంచి నీళ్లు అందిన చోట కాడ మీద గుర్తు పెట్టుకోండి.